విఠల్ వేషానికి పేరు లేదు

దేశం దాటొచ్చి మేం కాపురముంటున్న ఫ్లాట్ బుష్ పేటలో విఠల్‌ని మించిన నటుడు లేడు. నిజామాబాద్‌లో కాలేజీ రోజుల నుంచీ నాటకాలాడినవాడు. ఉగాది ఫంక్షన్లో పౌరాణిక పద్యం ఎత్తుకుంటే, తెలుగు సరిగా రాని పిల్లలు కూడా చిప్స్ నమలడం ఆపేసేవారు. పగలు కొరియర్ వ్యాన్ నడిపేవాడు. నటన మీద పిచ్చితో 2004లో ఓ చిన్న ప్రొడక్షన్ కంపెనీకి ఫొటో ఇచ్చి వచ్చాడు. కార్లు బాగుచేసే షెడ్డు పైన రెండు గదులు, నలుగురు మనుషులు, ఒక కెమెరా. అదే కంపెనీ. టీవీకి పోలీసు సీరియల్ తీసేవారు.

పిలుపు వచ్చింది. డెయిరీ ఓనర్ వేషం. ఈ దేశంలో డెయిరీ అంటే వీధి మూల కిరాణా కొట్టు. దొంగ వచ్చి కత్తి చూపిస్తే విఠల్ చేతులెత్తాలి. ఎత్తాడు. అందరం సంబరపడ్డాం. కొన్నాళ్లకు మళ్లీ పిలిచారు. మళ్లీ డెయిరీ, మళ్లీ దొంగ. ఓసారి పొడిచారు, ఓసారి కాల్చారు. సీరియల్లో దొంగకు పేరుంది, దొంగ కుక్కకూ పేరుంది, మావాడికి లేదు. చచ్చినవాడు మళ్లీ వచ్చి కొట్టు తెరిచినా ఇదేమిటని ఎవరూ అడగలేదంటే, ఆ మొహం ఎవరికీ గుర్తులేదన్నమాట. నాకు ఒళ్లు మండిపోయేది.

డైరెక్టర్ గ్రాంట్ చెడ్డవాడైనా బాగుండేది, కడుపారా తిట్టుకునేవాళ్లం. తనే టీ కలిపి ఇచ్చేవాడు. పేరున్న వేషం ఒక్కటి ఇవ్వమంటే మాత్రం గంగిరెద్దులా తలూపి, రాసేవాళ్లకు చెప్తాననేవాడు. రాసేదీ తనే.

2007 చలికాలంలో ఇంకో దోపిడీ సీను. సరుకులు కొనేవాడిగా నన్నూ నిలబెట్టారు. గ్రాంట్ విఠల్ భుజం మీద చెయ్యేసి, "ఈసారి మీ భాషలో మాట్లాడు. ఏదైనా సరే. కింద ఇంగ్లీషు మేం వేసుకుంటాం" అన్నాడు.

కెమెరా తిరిగింది. విఠల్ కత్తి పట్టుకున్నవాడి వైపు చూడలేదు. కెమెరా పక్కనున్న గ్రాంట్‌నే చూశాడు.

"ఎన్నిసార్లు సంపుతవ్ నన్ను? ఇదే కొట్ల, ఇదే అంగీ మీద. నాకు పేరు లేదా? మా అవ్వ పెట్టిన పేరున్నది. నేను పద్యమందుకుంటే ఊరు ఊరంత తెల్లారేదాంక కూసుంటుండె. గా మనిషిని ఒక్కసారన్న సూసినవా నువ్వు?"

నాకు ఏడుపు ఆగలేదు. గ్రాంట్ కూడా కళ్లు తుడుచుకుని, అద్భుతం అన్నాడు.

అది టీవీలో వచ్చిన రోజు అందరం విఠల్ ఇంట్లో చేరాం. అన్ని మాటలకూ కింద పడిన ఇంగ్లీషు ఒక్కటే ముక్క: డబ్బు తీసుకో, నన్ను చంపకు. పక్కింటి సత్యమ్మ ఆంటీకి ఇంగ్లీషు చదవడం రాదు. విన్నదంతా తెలుగే.

"సక్కగ అడిగినవ్ కొడుకా. మరి ఆయనేమన్నడు?" అంది.

విఠల్ టీవీ కట్టేశాడు.

వారం తర్వాత నేను వాళ్లింట్లో ఉండగానే గ్రాంట్ ఫోన్ చేశాడు. విఠల్ చాలాసేపు విన్నాడు, ఏదో చెప్పాడు, మళ్లీ విన్నాడు, పెట్టేశాడు.

"ఏం వేషమంట?" అన్నాను, ఆశ చావక.

"గదే డెయిరీ. జనానికి మస్తు నచ్చిందంట. గా మాటలే మల్ల చెప్పాల్నంట."

"నువ్వేమన్నవ్?"

"అవి డైలాగులు గావు, నా సొంత బాధ అని చెప్పిన అన్నా. సూసేటోళ్లకు గట్లనే అనిపించాలె అన్నడు."