తన్నితేనే కదిలే బండి

"దాన్ని కాలితో తన్నాల వదినా. నీ మోకాలితో యాడయితాది?" అన్నాడు మా మరిది చెంగల్రాయుడు. ఆ మాటతోనే నాకు ప్రయాణం ఖాయమైంది.

దామలచెరువు దగ్గర మా నాయన నాకిచ్చిన మామిడితోట ఉంది. సగం చదునులో, సగం గుట్టమీద. మా ఆయన పోయిన మూడేళ్ల నుంచీ నేనే చూసుకుంటున్నాను. నిరుటి నుంచి ఎడమ మోకాలు అరిగి గుట్ట ఎక్కలేకపోతున్నాను. తోటను కౌలుకిచ్చెయ్యమని మరిది పోరు. అంతలో హార్సిలీ హిల్స్‌లో ఒకాయన దగ్గర పాత నాలుగు చక్రాల బండి అమ్మకానికి ఉందని తెలిసింది. మోటారు సైకిల్ ఇంజనే, లావు టైర్లు, రాళ్లమీద కూడా పోతుంది. బటన్ స్టార్టు మాత్రం లేదు, కిక్కే.

"శుక్రవారం మధ్యాన్నం కౌలు కాగితాలు తోటకాడికి తెస్తా. నువ్వే స్టార్ట్ చేసి గుట్టెక్కితే వాటిని చించేస్తా. లేదంటే సంతకం పెట్టాల," అన్నాడు. సరేనన్నాను. నాకు రోషం ఎక్కువ, దాచుకోను.

గురువారం పొద్దున ఎనిమిదింటికి పీలేరు బస్సెక్కాను. పీలేరులో దోసె తిని మదనపల్లె బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో ఖాళీ టమోటా బుట్టలతో ఒక పెద్దామె కూర్చుంది.

"యాడికమ్మా?" అంది.

"బండి కొనేదానికి."

"మొగోళ్లెవురూ లేరా ఇంట్లో?"

"ఉండారు. అందుకే నేను పోతాండా," అన్నాను. ఆమె బుట్టమీద చెయ్యి కొట్టి నవ్వింది.

మదనపల్లె నుంచి కొండమీదికి బస్సులు తక్కువ. గంటన్నర కాచుకుని, మూడింటికి పైకి చేరాను. బండాయన పేరు సుబ్బరాయప్ప. పర్యాటకుల కోసం కొన్న బండి, మోజు తీరి మూలపడింది. నేను వెంటనే తన్ని చూస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "ఎండలో ఏ బండైనా పలుకుతాది. తెల్లారి సలిలో రామ్మా, అప్పుడు తెలుస్తాది దీని గుణం," అన్నాడు. బేరమాడే మనిషిలో ఇంత నిజాయితీ నేను చూడలేదు. ఆయన చూపించిన గదిలోనే పడుకున్నాను. మాఘమాసం కదా, రెండు దుప్పట్లూ చాలలేదు. మీరు వెళ్తే స్వెటర్ మరిచిపోకండి.

ఉదయం ఆరుంబావుకు సీటు మంచులా ఉంది. సుబ్బరాయప్ప వరస చెప్పాడు. పెట్రోలు తిప్పాలి. చలికి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పూర్తిగా లాగాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. రెండుసార్లు మెల్లగా తొక్కి, మూడోసారి ఒకే ఊపున తన్నాలి. బరువంతా ఎడమకాలిమీద నిలిపి కుడికాలితో తన్నాను. మోకాల్లో సూది దిగినట్టయింది. ఒకటి, రెండు, మూడు... ఆరు తన్నులకూ బండి దగ్గి ఊరుకుంది. ఏడోదానికి అందుకుంది. పొగ కమ్మేసింది. నేను అరిచిన అరుపుకు పక్క గదిలోవాళ్లు కిటికీ తీశారు.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. రోడ్డుమీద నడిపేందుకు ఇలాంటి బండికి అనుమతి లేదు. అందుకని మునెప్ప అనే అతని మినీ లారీలో ఎక్కించాము. తొమ్మిదిన్నరకు దిగడం మొదలుపెట్టాము. పదకొండున్నరకు పీలేరులో మునెప్ప అన్నానికి పోయినప్పుడు లారీ మీదే మరోసారి ప్రయత్నించాను. గాలి వెచ్చబడింది. చోక్ సగమే లాగాను, మూడో తన్నుకే పలికింది. వేడి పెరిగేకొద్దీ చోక్ తగ్గాలన్న సంగతి నా కాలికి అర్థమైంది.

ఒంటిగంటకు మా ఊరి మలుపులో గంగమ్మ గుడి దగ్గర మునెప్ప లారీ ఆపాడు. కొత్త బండికి పూజ లేకుండా ఎలాగన్నాడు. పసుపు, కుంకుమ, కర్పూరం, చక్రాల కింద నిమ్మకాయలు అన్నీ అయ్యాయి. కిక్ రాడ్డుకు కూడా బొట్టు పెట్టాడు.

తోట దగ్గర బండి దించేసరికి రెండు దాటింది. ఎండ మాడ్చేస్తోంది. చెంగల్రాయుడు పంపు షెడ్డు నీడలో కాగితాల కవరు పట్టుకుని కూర్చున్నాడు. నేను కాలెత్తగానే మునెప్ప అడ్డమొచ్చాడు.

"అయ్యో అక్కా, బొట్టు పెట్టిన దాన్ని కాలితో తన్నకూడదు! ఈ పూటకు నేను చేత్తో నొక్కుతా."

నేను వద్దనేలోపే చోక్ పూర్తిగా లాగి, రెండు చేతులతో రాడ్డును పదిసార్లు నొక్కాడు. ఎండలో పెట్రోలు ఎక్కువై ఇంజన్ మునిగిపోయింది. వాసన గుప్పుమంది. మరిది కవరుతో విసురుకుంటూ, "సంతకానికి పెన్ను నాకాడే ఉండాది వదినా," అన్నాడు. ఓడిపోతానేమోనని నిజంగా భయపడ్డాను.

కానీ మునిగిన బండిని ఎలా లేపాలో కూడా సుబ్బరాయప్ప పొద్దునే చెప్పాడు. చోక్ లోపలికి నెట్టేశాను. పెట్రోలు ఆపాను. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాను. రాడ్డును తాకి కళ్లకద్దుకుని, "గంగమ్మ తల్లీ, తన్నేది నిన్ను కాదు, ఈ మొండిదాన్ని," అని అయిదు తన్నులు తన్నాను. మునెప్ప కళ్లు మూసుకున్నాడు. తర్వాత పెట్రోలు తిప్పి ఇంకొకటి తన్నాను. బండి గర్జించింది. మరిది విసురుకోవడం ఆపేశాడు.

ఏడాదిగా ఎక్కలేని గుట్టను ఆ బండిమీదే ఎక్కాను. చెట్లు పూతమీద ఉన్నాయి. పైవరసకు చేరాక బండి నెమ్మది చేసి చూశాను. ప్రతి మొదలు మీదా సున్నంతో అంకెలు వేసి ఉన్నాయి. మరిది మాట్లాడిపెట్టిన కౌలుదారుడు సంతకం కాకముందే వచ్చి చెట్లు లెక్కపెట్టుకుని పోయాడు. నేను ఎక్కలేనని, చూడలేనని మరిదికి అంత ధీమా. మా నాయన నాటిన చెట్లకు ఎవడో నంబర్లు వేశాడు. ఏడుపొచ్చింది, అంతకంటే ముందు కోపమొచ్చింది.

కిందికి దిగి, ఇంజన్ ఆపకుండానే మరిది ముందు నిలబెట్టాను. అతను నా ముఖం చూసి, నేనేమీ అడగకముందే కాగితాలు రెండుగా చించాడు.

"అంతటితో అయిపోలేదు చెంగల్రాయా," అన్నాను. "పైన చెట్లకు సున్నం ఉండాది. బకెట్టు, బ్రష్షు తీసుకుని పోయి కడిగిరా. నడిచే పో. నీ మోకాళ్లు బాగానే ఉండాయి కదా."