తోడికోడలి సంతకం

చొక్కాలు కుట్టే చిన్నకోడలికి తోడికోడలి సంతకం మీదే కన్ను. దుకాణంవాళ్ళు పెద్దామెతో ఒప్పందం రాసుకున్నారు. వారం వారం ఆమె కుట్టివ్వాలి, వాళ్ళు తీసుకోవాలి. చిన్నామెకు మాత్రం, “తెస్తే తప్పకుండా తీసుకుంటాం, తేకపోతే అడగం” అన్న మాటే దక్కింది.

“నేనేం తక్కువ కుట్టాను?” అని కుళ్ళుకునేది. గోడ అవతల పెద్దామె మిషను చప్పుడు వినబడితే అన్నం సయించేది కాదు.

ఒకరోజు, ఇద్దరూ ఎత్తుకుని పెంచిన ఆడపడుచు ప్రసవించిందని కబురొచ్చింది. చిన్నామె మిషను మీద గుడ్డ కప్పి, సంచి సర్దుకుని బయల్దేరి, పెద్దామె గుమ్మం దగ్గర ఆగింది.

“రావా అక్కా?”

“ఎలా వస్తానే? శుక్రవారానికి ఇచ్చితీరాలి. నీకేం, మహారాణివి. కుడితే కుట్టావు, లేకపోతే లేదు.”

పెద్దామె కళ్ళు సంచి మీదే ఉన్నాయి. ఆ చూపు చిన్నామెకు బాగా తెలిసిందే. అందుకే గుమ్మంలో నిలబడి, సర్దిన సంచినే మళ్ళీ తీరిగ్గా సర్దుకుంది.