అరిగిన పక్క

మొన్న ఆదివారం మా వీధి చివర ఎవరో పాత ఫ్యాను విప్పి కిరసనాయిలుతో కడుగుతున్నారు. ఈ రోజుల్లో ఆ వాసన తగలడమే అరుదు. తగలగానే “ఆగమ్మా, అప్పుడే కడిగీకు!” అన్న కేక చెవిలో వినబడి, చేతిలో సంచీతో సహా ఉన్నచోటే నిలబడిపోయాను. ఆ కేక దేవదానం మేస్త్రిది. అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కు వెళ్ళే దారిలో ఆయనకో మోటార్ సైకిళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. ఒక బండి పూర్తయ్యేదాకా ఇంకో బండి ముట్టుకునేవాడు కాదు. ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ తొందరగా నడవగా నేను చూడలేదు.

రెండువేల అయిదు వేసవి. నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. పదేళ్ళుగా మా వసారాలో మూలనపడి ఉన్న నాన్న మోటార్ సైకిలును సెలవుల్లో బాగుచేయించి నేర్చుకుందామని పట్టుదల పుట్టింది. ఆ బండి మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గొలుగొండ వైపు కొండ ఊళ్ళన్నీ దాని మీదే తిరిగేవాడు. ఒకసారి మా మేనమామను వెనక కూర్చోబెట్టుకుని కొండవాలు దిగుతూ మలుపులో పడిపోయాడు. నాన్నకు గీరుకుపోయిందంతే, మామయ్య కాలు మాత్రం మళ్ళీ సరిగ్గా అతుక్కోలేదు. బండి న్యూట్రల్‌లో దొరికింది. పెట్రోలు కలిసొస్తుందని గేరు తీసేసి దింపాడని మామయ్య అన్నాడు, అందరూ అదే అన్నారు. “నేను గేరులోనే ఉన్నాను” అని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. రెండిళ్ళ మధ్యా రాకపోకలు ఆగిపోయాయి. నేను నాన్నతో వాదించలేదు. నమ్మనూ లేదు.

మేస్త్రికి ఇవేవీ చెప్పలేదు. ఆయన నాలుగు రోజులు తంటాలుపడి ఇంజను బతికించాడు. వంతెన దాకా నడిపి చూసి, తిరిగొచ్చి ఒక్క ముక్క అన్నాడు.

“వాలులో సెకండు గేరు జారిపోతందమ్మా. గేర్‌బాక్సు ఇప్పాల.”

మర్నాడు గేర్‌బాక్సు విప్పాడు. తీసిన ప్రతి చక్రాన్నీ, ప్రతి వాషరునూ తీసిన వరసలోనే ఇనపతీగకు గుచ్చాడు. ఆయన టీ తాగడానికి వెళ్ళగానే నేను సాయం చేసేద్దామని తీగ విప్పి, చక్రాలను పుస్తకంలో బొమ్మలా సైజుల వారీగా పేర్చి, పళ్ళెంలో కిరసనాయిలు పోశాను. అప్పుడే ఆ కేక.

“పేపరు సదవకుండానే మార్కులేసేత్తారేటమ్మా మీ కాలేజీలో?” అన్నాడు గ్లాసు పక్కన పెట్టి. “ముందు సూడాల, తర్వాత కడగాల. ఏది ఎక్కడ రాసుకున్నాదో, నూనెలో ఏ పొడి దిగినాదో, అదంతా బండి సెప్పే మాట. కడిగీసేక ఎవుల్నడుగుతావ్?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వాషర్లన్నీ ఒకేలా కనబడతాయి కానీ మందంలో వెంట్రుకవాసి తేడా. ఏది ఎక్కడిదో వేళ్ళతో తడిమి పోల్చుకోవడానికి ఆయనకు ఆ రోజంతా పట్టింది. నన్ను మళ్ళీ ఒక్కమాట అనలేదు. అందుకే ఇంకా బాధేసింది.

మూడోరోజు సెకండు గేరు చక్రం నా అరచేతిలో పెట్టాడు. దాని పక్కన నాలుగు దిమ్మెలు పొడుచుకుని ఉంటాయి. గేరు వేసినప్పుడు అవి పక్క చక్రం గాడుల్లోకి దూరి పట్టుకుంటాయి.

“ఏటి కనిపించినాది?”

“దిమ్మెలు అరిగిపోయాయి. పాతది కదా.”

“పాతదైతే రెండు పక్కలా అరగాల. సరిగ్గా సూడు. ఏ పక్క అరిగినాది?”

వేలుతో తడిమాను. ప్రతి దిమ్మెకూ ఒక ముఖం పలకలా నిటారుగా ఉంది. రెండోది గుండ్రంగా, నాకిన బెల్లంగడ్డలా జారిపోయింది. ఎందుకలా? నాకు చెప్పలేనంత కుతూహలం పుట్టింది. సుద్దముక్క తీసుకుని నేలమీద బాణాలు గీశాను. ఇంజను చక్రాన్ని తోస్తున్నప్పుడు బలం ఈ నిటారు ముఖం మీద పడుతుంది. మరి ఆ అరిగిన ముఖం మీద ఎప్పుడు పడుతుంది? బండి ఇంజనును తోసినప్పుడు. అంటే వాలు దిగుతూ, యాక్సిలరేటరు వదిలేసి, గేరులోనే ఉంచి ఇంజనుతో బండిని ఆపుకుంటున్నప్పుడు.

నాన్న అన్న మాట అదే. కళ్ళనీళ్ళు ఆగలేదు. అప్పుడు మేస్త్రికి అంతా చెప్పాను. ఆయన ఆ చక్రాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఆ రోజు ఏటైనాదో నాకు తెలవదమ్మా, నేను సూడనేదు. గేరు సంగతొకటి సెప్తాను. న్యూట్రల్లో దిగినోడి బండికి ఈ పక్క అరగదు. మీ నాన్నగోరు ఏళ్ళ తరబడి గేరులోనే దిగేరు. అలగ దిగి దిగే ఇది అరిగినాది. అరిగితే ఏదో ఒకనాడు దానంతటదే జారి న్యూట్రల్లో పడతాది.”

జాగ్రత్తే దాన్ని అరగదీసిందన్నమాట.

విశాఖలో పాతసామాన్ల దుకాణాలన్నీ గాలించి అలాంటి చక్రమే ఒకటి తెచ్చాడు. బేరింగులు మార్చి, వాషర్లు ఒక్కొక్కటిగా వేసి, గేరు మార్చి మార్చి చూసి బిగించాడు. కొద్ది రోజుల్లో నడపడం నేర్చుకుని, వంతెన వాలులో నేనే దింపాను. గేరు జారలేదు. ఆ వారమే రోలుగుంటలో మామయ్య ఇంటికి ఆ బండి మీదే వెళ్ళి, అరిగిన చక్రం ఆయన చేతిలో పెట్టి, నేలమీద అవే బాణాలు గీశాను. మామయ్య బొటనవేలితో ఆ నున్నటి ముఖాన్ని రుద్ది చూశాడు.

“బావ సెప్తానే ఉన్నాడే,” అన్నాడు. “నేనే ఇననేదు.”

నేనూ వినలేదని ఆయనకు చెప్పాను. ఆ పూట వాళ్ళింట్లోనే భోంచేశాను.

మేస్త్రి ఇప్పుడు లేడు. షెడ్డు స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. కాలేజీలో ఎవరి మీదైనా ఫిర్యాదు నా బల్ల దాకా వస్తే, అక్కడే ఉంచుకున్న ఆ అరిగిన చక్రాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, అరిగింది ఏ పక్కో అడుగుతాను. ఎదుటివాళ్ళకు విచిత్రంగా ఉంటుంది. చెయ్యి జిడ్డవుతుంది, కాగితాల మీద మరకలు పడతాయి. అయినా దాన్ని ఇప్పటిదాకా కడగలేదు.