మీగడ రంగు సైకిలు, తుడుపుగుడ్డ

సైకిళ్ళను నేను చాలా ఊళ్ళలో చాలా రకాలుగా చూశాను. ఒక ఊళ్ళో వాటిని వంతెన కటకటాలకు ఆనించి మరిచిపోతారు, తీగలు అల్లుకున్నాక చూసి మురిసిపోతారు. ఇంకో ఊళ్ళో భుజాన మోసుకుంటూ మేడమెట్లెక్కి మంచం పక్కనే పెట్టుకుంటారు. సైకిలును అద్దం వెనక నిలబెట్టి, దాని మీద దుమ్ము కూడా వాలకుండా కాపలా కాసిన మనిషిని మాత్రం ఒక్క బొమ్మలక్కనే చూశాను.

ఆ పేరు ఆవిడకు ఊరికే రాలేదు. పెద్ద బట్టల దుకాణంలో, వీధివైపు అద్దం వెనక ఉండే బొమ్మలకు బట్టలు తొడిగే పని ఆవిడది. బొమ్మ మెడ ఎటు తిప్పాలో, దీపం ఏ పక్కనుంచి పడితే ముతక గుడ్డ కూడా పట్టులా మెరుస్తుందో ఆవిడకు కొట్టిన పిండి. ఒకసారి బొమ్మ పక్కన అలంకారానికని ఒక సైకిలు అద్దెకు తెచ్చి పెట్టింది. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నది బట్టలను కాదు, సైకిలునని వారం తిరక్కుండానే కనిపెట్టింది. ఉద్యోగానికి నమస్కారం పెట్టేసింది.

భర్త అన్నగారికి ఆ పక్కవీధిలోనే ఇనుప సామాన్ల దుకాణం ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న గది ఆవిడ చేతికిచ్చి, వానలు పడేదాకా చూస్తానన్నాడు. ఈలోగా సైకిళ్ళ వ్యాపారం నిలబడితే గది ఆవిడదే. నిలబడకపోతే బయట తుప్పుపట్టే తన పైపులు లోపలికొస్తాయి. బొమ్మలక్క జంకలేదు.

"పైపులకి ఇంకో చోటు చూసుకోండి బావగారూ," అంది.

తెచ్చిన సరుకు అలాంటిది మరి. మీగడ రంగు, లేత ఆకుపచ్చ, ఇటుక ఎరుపు. తోలు సీటు, ముందు అల్లిన బుట్ట, చీరైనా ప్యాంటైనా చిక్కుకోకుండా చైనుకు నిండుగా మూత. నడుం వంచకుండా దర్జాగా కూర్చుని ఆఫీసుకు వెళ్ళే సైకిళ్ళవి. సీట్లన్నీ ఒకే వరసలో, హ్యాండిళ్ళన్నీ ఒకే వైపుకు.

జనం వచ్చారు, బాగున్నాయన్నారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళాను. ఎరుపుదాని గంట నొక్కాను. నా వేలు అలా లేచిందో లేదో, బొమ్మలక్క చేతిలో మెత్తటి గుడ్డ ఆ గంట మీదకొచ్చింది. ఆవిడ నవ్వుతూనే ఉంది, ధర చెబుతూనే ఉంది, నా వేలిముద్ర తుడుస్తూనే ఉంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని మిగతావి చూశాను. పురావస్తుశాలల్లో ఇలాగే నడుస్తాం.

మబ్బులు కమ్ముకుంటున్నాయి. ఒక్క సైకిలూ గడప దాటలేదు. ఒక సాయంత్రం తోడికోడలు, అంటే ఆ బావగారి భార్య, వచ్చి కూర్చుని కాసేపు ఈ తంతు చూసింది.

"వాళ్ళు చెయ్యేసిన చోటల్లా నువ్వు తుడుస్తున్నావే! కొనడానికొచ్చారా, మురికి చెయ్యడానికొచ్చారా?"

"చేతి అలవాటక్కా. బొమ్మ మీద మరకుంటే మా షాపులో ఊరుకునేవాళ్ళు కాదు."

"బొమ్మ ఎక్కడికీ వెళ్ళదు. ఇది వెళ్ళాలి కదే."

బొమ్మలక్క చేతిలోని గుడ్డకేసి చూసుకుంది. తర్వాత దాన్ని మడిచి తోడికోడలి ఒళ్ళో పెట్టి, వంటింట్లో వాడుకోమంది. తప్పు తెలిశాక దాని చుట్టూ తిరిగే రకం కాదు.

మర్నాటినుంచి మీగడ రంగు సైకిలు మీదే కూరలకు వెళ్ళింది. తిరిగొచ్చి, బుట్టలో కొత్తిమీర రెబ్బలు అలాగే ఉండగా, కడగకుండా గుమ్మం ముందు వదిలేసింది. అదేం మాయో, అద్దం ముందు చేతులు కట్టుకున్నవాళ్ళు దీని బ్రేకు పట్టి చూశారు, ఎక్కారు, వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. సంగీతం చెప్పే టీచరమ్మ అయితే వరసగా రెండు పూటలు వచ్చి తొక్కింది.

అంతలో వాన పడింది. తెల్లవారి బొమ్మలక్క తడిసి, చక్రాల నిండా బురదతో మార్కెట్ నుంచి వచ్చేసరికి బావగారు లోపల టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. ఆవిడ సైకిలుకు స్టాండు వేసింది. వెనకే టీచరమ్మ వచ్చి ఆ సైకిలే కావాలంది. లోపల అదే రంగుది కొత్తది ఉందని బొమ్మలక్క చెప్పబోయింది.

"కొత్తది నాకు తెలీదండీ. దీని బ్రేకు ఎంత పట్టుకుంటే ఆగుతుందో నాకు తెలుసు. బురద నేను కడుక్కుంటాను," అంది టీచరమ్మ.

సీటు ఆవిడ ఎత్తుకు సరిచేసి ఇచ్చేలోగా, మొన్న వీధి చివరిదాకా తొక్కి చూసిన బ్యాంకు గుమాస్తా భార్యతో సహా వచ్చాడు. బొమ్మలక్క ఆకుపచ్చదాన్ని కూడా వీధిలోకి దింపింది. అప్పటికప్పుడే ఒక నియమం పెట్టుకుంది, ఇప్పటికీ అదే నడుస్తోంది: తను ఒకరోజు తొక్కనిదే ఏ సైకిలూ అమ్మకానికి పెట్టదు.

బావగారి టేపు సర్రుమని డబ్బాలోకి వెళ్ళిపోయింది.

"బాగానే ఉందమ్మాయ్. మరి నా పైపులు ఎక్కడ పెట్టుకోను?"

"మీ షాపులోనే. మీరు వాటిని పడుకోబెట్టారు బావగారూ, అందుకే చోటు చాల్లేదు."

ఆ మధ్యాహ్నం ఆవిడే వెళ్ళి, పొడవుల వారీగా పైపులన్నిటినీ గోడకు నిలబెట్టించింది. బయటనుంచి దీపం వెలుగులో చూస్తే ఏదో పెద్ద వాద్యంలా ఉన్నాయి. పైపులతో అవసరం లేనివాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు.