నూకరాజు రాయి

సముద్రంలో లేని ఒక రాయిని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా పేట ఒడ్డున ఎవరినడిగినా చెబుతారు, అలలు విరిగే చోటు దాటగానే కుడిచేతివైపు నీటికింద ఉంటుందని. నూకరాజు రాయి అంటారు. పడవలన్నీ దాన్ని తప్పించుకుని తిరుగుతాయి. దాని పక్కన వల వేస్తే వంజరం చేపలు బాగా పడతాయని కోతలు కోసేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ రాయి లేదు. ఎప్పుడూ లేదు. దాన్ని అక్కడ పెట్టింది నేను. మీకు చెబుతుంటే నవ్వొస్తోంది. నవ్వాల్సిన సంగతి కాదు. అయినా వస్తోంది, ఏం చెయ్యను?

నా పని ఫైబర్ పడవలకు అతుకులు వెయ్యడం. బడికి వెళ్లింది తక్కువ. రెజిన్ జిగురు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను, చెడగొట్టి నేర్చుకున్నాను. పగుళ్ల మీద రంగు పూసి బాగుచేశామనే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అతుకంటే పైన అంటించేది కాదండీ. చెడిన పొరలన్నీ గీకెయ్యాలి, చుట్టూ పళ్లెం అంచులా ఏటవాలుగా అరగదీయాలి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. ఆ తర్వాత గాజునార ముక్కలు రెజిన్‌లో తడిపి, చిన్నది ముందు, దానిమీద కాస్త పెద్దది, ఆపైన ఇంకాస్త పెద్దది, మధ్యలో గాలిబుడగ మిగలకుండా రోలరుతో ఒత్తుకుంటూ పోవాలి. తడి ఉంటే పట్టదు. నూనె ఉంటే అసలే పట్టదు. ఇది నాకు అప్పుడూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఫైబర్ పడవలు మా ఒడ్డుకు కొత్తగా వచ్చిన కాలం అది. నూకరాజు మా చెల్లెలి మొగుడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. వెనక కూర్చుని పడవ నడపడంలో అతని చెయ్యి వేరు. అలకీ అలకీ మధ్య సందు చూసి, గుమ్మం దాటినంత తేలిగ్గా దాటించేవాడు. అతని పడవ ముక్కు ఒడ్డున మరో పడవకు గుద్దుకుని పగిలితే నా దగ్గరికి తెచ్చాడు. ఆ ముక్కు మీద మా చెల్లెలు అమ్మవారి పండగనాడు నూనెలో కలిపిన పసుపూ కుంకుమా పూసింది. మాలో అందరూ పూస్తారు. మళ్లీ పండగ వచ్చేదాకా చెరపరు. పగులు సరిగ్గా ఆ బొట్టు కిందికి పాకింది. నేను గీకబోతే చెల్లెలు అడ్డం వచ్చింది, అమ్మోరి బొట్టు ముట్టుకోవద్దని.

గీకకపోతే పట్టదని చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు? అమ్మవారికి భయపడా? కాదు. నా చేతికి ఆ పిసరు నూనె ఒక లెక్కా అనుకున్నాను. పైపైన గుడ్డతో అద్ది, బొట్టు మీదే అతుకు పరిచాను. ఎండకు అది గాజులా మెరిసింది. లోపల్నుంచి బొట్టు కనబడుతుంటే చెల్లెలు మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

ఆ పడవ వేటనుంచి తిరిగొస్తూ అలల్లోనే నీళ్లు నిండి మునిగిపోయింది. పక్క పడవవాళ్లు అందరినీ లాగేశారు, ప్రాణాలు దక్కాయి. పడవ దక్కలేదు, ఇంజను దక్కలేదు, వల దక్కలేదు. దడేల్మని చప్పుడైందనీ, ఎందుకో తెలియలేదనీ ఇసుకలో కూలబడి బావ అంటున్నాడు. నా అతుకు ఊడిందని నాకు వెంటనే తెలిసింది. ఎవరూ నన్నడగకముందే, రాయికి కొట్టేశావని నేనే అన్నాను. అక్కడ రాయెక్కడిదని అన్నాడు. ఇసుక జరిగి తేలుంటుందన్నాను. చుట్టూ చేరినవాళ్లు పుట్టిన దగ్గర్నుంచీ ఆ నీళ్లలో ఈదినవాళ్లు. ఒక్కడైనా మునిగి చూస్తానన్నాడా? నిజం చెప్పాలంటే వాళ్ల మీద ఇప్పటికీ కోపమే. నా మాట అంత తేలిగ్గా ఎలా నమ్మారు?

ఆ తర్వాత అతనికి పడవ వెనక చోటు ఎవరూ ఇవ్వలేదు. ఇంకొకరి పడవల్లో మధ్యలో కూర్చుని వల లాగాడు. చెల్లెలు ఊళ్లోవాళ్ల చేపలు తీసుకుని తగరపువలస సంతలో అమ్మింది. అతన్ని 'రాయి' అని పిలవడం మొదలెట్టారు. అతను పలికాడు, పైగా నవ్వాడు. ఆ కథ చెప్పమంటే రాయిని ఏటేటా పెంచుకుంటూ పోయాడు. మొదట బిందెంత, తర్వాత గేదంత, ఈమధ్య లంగరేసిన ఓడంత. అందరితోపాటు నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. నిజం చెబితే నా దగ్గరికి పడవ రాదు. అంతే. అంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

ఈ ఏడు పేట కుర్రాళ్లు పడవల్లో పెట్టుకునే జీపీఎస్ తెచ్చి నాకు చూపించారు. అందులో నూకరాజు రాయి ఎర్రచుక్కై మెరుస్తోంది. నా అబద్ధం మిషన్లోకి కూడా ఎక్కింది. తిట్టి పంపించాను, పాపం వాళ్లేం చేశారు? ఆ నెలలోనే బావ పాత పడవ ఒకటి కొనుక్కుని, ముక్కుకు అతుకెయ్యమని వచ్చాడు. నడపడానికి వేరే మనిషిని మాట్లాడుకున్నాడట. సొంత పడవకు కూడా. వెనకాల తాను కూకోడట, రాయి తనకు కానరాదట. అతను వెళ్లాక పని మొదలెట్టాను.

కొన్న రోజే చెల్లెలు ముక్కుకు పూసిన బొట్టును ముందు గీకేశాను. ఈసారి చెల్లెలు అడ్డం రాలేదు. శుభ్రంగా, పొరమీద పొర పరిచాను. గట్టిపడ్డాక వేలితో కొట్టి చూస్తే గంటలా పలికింది. ఇప్పుడు పెట్టుకో అమ్మోరి బొట్టు, అన్నాను. అప్పుడు, పడవ తీసుకెళ్లడానికి వచ్చిన బావవైపు తిరిగాను.

"బావా, అక్కడ రాయి నేదు."

"ఎక్కడ?"

"నీ రాయే. నేదు. నూనె మీద అతుకేసీసినాను. అదే ఊడిపోనాది."

"రాయి నేదా?"

"నేదు."

"మరి ఇన్నాళ్లూ నాను దేని సుట్టూ తిరిగినాను?"

బొట్టు పెట్టబోయిన చెల్లెలి వేళ్లకు పసుపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కుదుర్చుకున్న మనిషిని మధ్యలోకి జరగమని, బావ వెనక కూర్చున్నాడు. పోర్టులోకి పిలుపు కోసం ఓడలు దూరంగా వరసగా నిలబడి ఉన్నాయి. అలలు దాటగానే మా పడవలన్నీ ఎడమకు ఒరుగుతాయి. ఈ పడవ ఒరగలేదు. సూటిగా రాయి మీదికే వెళ్లింది. అక్కడ గిరగిరా తిరిగింది, ఒకసారి, మరోసారి, ఇంకోసారి, నూర్పిడి కళ్లంలో ఎద్దులా. పక్క పడవల్లోవాళ్లు లేచి నిలబడి కేకలేస్తున్నారు. నేను ఒడ్డున, ఈ వయసులో, పంచె ఎగ్గట్టి మోకాలిలోతు నీళ్లలోకి పరుగెత్తాను. అతని చెయ్యి ఏమీ మరిచిపోలేదు. ఆ పొద్దు నాకు కలిగినంత సంతోషం నా సొంత విషయాల్లో ఎప్పుడూ కలగలేదు. దానికి నాకు హక్కుందా? లేదు. కలిగింది.

తిరిగొచ్చాక రాయి ఏమైందని అందరూ మూగారట. "రాయి ఉన్నాది. నీళ్లల్లో కాదు, ఒడ్డు మీద. మా బావ," అన్నాడట. పేటంతా పడీపడీ నవ్వింది. అతను మాత్రం నవ్వలేదట. నాతో మాట్లాడడం లేదు. నా పాక ముందునుంచి సముద్రం వైపు చూస్తూ వెళ్లిపోతాడు. క్షమించమని నేనడగలేదు, అడగను. ఏ మొహం పెట్టుకుని?

ఇప్పుడు పిల్లలు నన్ను 'రాయి' అని పిలుస్తున్నారు. పలుకుతున్నాను.