మా రక్తపరీక్షల ల్యాబుకి ఆర్కిటెక్ట్ వచ్చినప్పుడు

చోడవరంలో అన్నయ్యా నేనూ కలిసి నడుపుతున్న రక్తపరీక్షల ల్యాబులో ఒకసారి ఇద్దరి రిపోర్టులు తారుమారయ్యాయి. మాడుగులలో మా సెంటరు చూసుకునే ఆవిడ ఫోన్ చేసింది. "అక్కా, మా ఈదిలో మామ్మకి సుగర్ అస్సలు నేదని రిపోర్టు వచ్చింది. ఆవిడ సంబరపడిపోయి హల్వా కొనుక్కుని తింటంది. నాకెందుకో నమ్మబుద్ధవ్వట్లేదు."

ఆ మామ్మ ఏళ్ళ తరబడి సుగర్ మందులు వాడుతున్న మనిషి. వెంటనే మళ్ళీ రక్తం తీయించాను. సుగర్ బాగా ఎక్కువగా ఉంది. ముందు ఆవిడకి వెళ్ళిన రిపోర్టు రోలుగుంట సెంటరులో రక్తం ఇచ్చిన వేరే ఆవిడది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

చోడవరంలో పరీక్షలు చేస్తాం. మాడుగుల, చీడికాడ, రోలుగుంటల్లో రక్తం తీసుకునే సెంటర్లున్నాయి. వాన పడితే కొండల వైపు నెట్ పోతుంది. అలా పోయినప్పుడు ఏ సెంటరు కంప్యూటరు ఆ సెంటరుకి తోచిన నంబరు వేసేసేది. రెండు చోట్ల ఒకే నంబరు పడితే, నెట్ వచ్చాక ఒకరి వివరాల మీద ఇంకొకరివి వచ్చి కూర్చునేవి. మా దగ్గర ప్రోగ్రాములు రాసే అమ్మాయి చాలా కష్టపడేది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడేది. "ఈసారి అయిపోయిందండి మేడం" అని చెప్పినప్పుడల్లా దాని ముఖంలోనే నమ్మకం ఉండేది కాదు.

విశాఖలో మాకు తెలిసిన డాక్టరుగారు ఒక సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ గురించి చెప్పారు. ఆవిడ ప్రోగ్రాములు రాయదు, ఏది ఎలా కట్టాలో గీసి చెబుతుందట. కొన్ని నెలల పాటు ఆవిణ్ణి పెట్టుకుందామంటే అన్నయ్య ఒప్పుకోలేదు.

"ప్రోగ్రాం రాసే గుంట ఉంది కదే! రాయనావిడికి జీతం ఏటి?"

"ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఉన్నా ఇంజినీరుని పిలిచేం కదా అన్నయ్యా."

"ఇల్లు వేరు, ఇది వేరు" అని విసుక్కున్నాడు గాని, మామ్మ సంగతి వాడికీ గుర్తుంది. సరేనన్నాడు.

ఆవిడ విశాఖ నుంచి బస్సులో వచ్చింది. నా వయసే ఉంటుంది. వచ్చీ రాగానే కంప్యూటరు తెరుస్తుందనుకున్నాం. తెరవలేదు. మా బండి మీద సెంటర్లన్నీ తిరిగింది. చీడికాడలో రక్తం ఇవ్వడానికి వచ్చిన వాళ్ళ పక్కన బెంచీ మీద పొద్దంతా కూర్చుంది. "ఈవిడేటి, వచ్చిన కాడి నుంచి కంప్యూటరు ముట్టుకోడం నేదు" అని అన్నయ్య నా చెవిలో గొణిగాడు.

తిరిగొచ్చాక మా ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగింది. "ఈ ల్యాబులో ఏది చెడిపోయినా సర్దుకోవచ్చు, ఒక్కటి మాత్రం చెడిపోకూడదు అంటే, ఆ ఒక్కటి ఏది?"

అన్నయ్య బిల్లులన్నాడు, మెసేజీలన్నాడు, రిపోర్టు తొందరగా వెళ్ళడమన్నాడు. ఆవిడ తలూపుతూ వింది. చివరికి నేనన్నాను: "ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద వెళ్ళకూడదు."

"అయితే దాని మీదే కడదాం. మిగతావన్నీ ఆ తరవాతే."

ప్రోగ్రాములు రాసే మా అమ్మాయి అప్పటికే బెంగగా ఉంది. "నేను రాసిందంతా తీసేస్తారా మేడం?" అని అడిగేసింది.

"ఎందుకు తీసేస్తాను? రిపోర్టు తయారయ్యే భాగం చక్కగా రాశావు, దాన్ని ముట్టుకోను. నీ రాతలో తప్పు లేదమ్మా. నెట్ ఎప్పుడూ ఉంటుందనుకుని మొదలుపెట్టారు. తప్పు అక్కడుంది."

ఆ మాటతో ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నాళ్ళూ తనకి పని రాదేమోనని లోపల్లోపల కుమిలిపోయిందని నాకప్పుడే తెలిసింది.

ఆవిడ ఆలోచన వింటుంటే ఇంత సులువా అనిపించింది. ప్రతి సెంటరూ తన కాళ్ళ మీద తను నిలబడాలి. రక్తం తీసిన చోటే పేరు, వయసు, ఊరి గుర్తు ఉన్న నంబరుతో చీటీ అచ్చయి రక్తం పట్టిన గొట్టానికి అంటుకోవాలి. ఆ నంబరు ఇంక మారకూడదు. నెట్ వచ్చాక వివరాలు చోడవరానికి చేరాలి. ఎక్కడైనా అనుమానం వస్తే కంప్యూటరు సొంతంగా నిర్ణయించకూడదు, ఆగి మనిషిని అడగాలి.

నాకిష్టమైనది ఒకటి పోయింది. గొట్టాలు తెచ్చే బండి ఎక్కడుందో మ్యాపులో కనిపించేది. "చూడ్డానికి బాగుంది. కానీ దీనికోసం ప్రతి నిమిషం నెట్ కావాలి. ఇప్పుడొద్దు" అంది. మనసు చివుక్కుమన్నా సరేనన్నాను.

ఆవిడ గీసి చెప్పేది, అమ్మాయి రాసేది. అంతా అయ్యాక ఒక ఉదయం, జనం నిండుగా ఉన్న వేళ, ఆవిడ లేచి వెళ్ళి నెట్ వైరు పీకేసింది.

"మేడం! ఏటి చేస్తన్నారు!" అంటూ అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు.

"వానాకాలం వచ్చేదాకా ఎందుకండీ, ఇప్పుడే చూసుకుందాం. పని కానివ్వండి."

పని సాగింది. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళకి వైరు పీకిన సంగతే తెలియలేదు.

ఆ తరవాత వచ్చిన తుపానుకి స్తంభాలు పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మాడుగుల సెంటరు చూసుకునే ఆవిడ బ్యాటరీ మీద చీటీలు వేసుకుంటూ రక్తం తీస్తూనే ఉంది. కొండ దిగి వచ్చిన ఒక నిండు గర్భిణి రక్తం కూడా అందులో ఉంది. దారి కాస్త తెరుచుకోగానే మా బండి నడిపే అతను గొట్టాలు తెచ్చాడు. జనరేటరు వేసి పరీక్ష చేస్తే ఆ అమ్మాయికి రక్తం మరీ తక్కువగా ఉంది. రిపోర్టు కాగితం మీద తీసి అతని చేతికే ఇచ్చి పంపాం. అక్కడి డాక్టరు అది చూసి ఆమెని అనకాపల్లి ఆసుపత్రికి పంపించారు. రక్తం ఎక్కించాక కాన్పయింది. తల్లీ బిడ్డా క్షేమం.

నెట్ వచ్చిన రోజు అందరం కంప్యూటరు ముందు నిలబడ్డాం. మూడు ఊళ్ళ వివరాలూ వరసగా వచ్చి వాటి చోట్లలో కుదురుకున్నాయి. ఒక్క దగ్గర ఆగింది. చీడికాడ నుంచి ఒకే పేరు, ఒకే వయసు ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరూ వేరా, ఒకరేనా అని తెర మీద ప్రశ్న వచ్చింది. ఫోన్ చేసి కనుక్కుంటే తోడికోడళ్ళట, ఇద్దరు మనుషులే.

అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "పాతదైతే కలిపేసీది కదే" అన్నాడు మెల్లగా. "మేడంకి ఫోన్ సెయ్యి. ఆదివారం చర్చి అయిపోయేక మనింటికి భోజనానికి రమ్మను" అన్నాడు.

వచ్చింది. వదిన చేసిన చేపల పులుసు రెండోసారి అడిగి వేయించుకుంది. గర్భిణి ఎలా ఉందని అడిగింది, పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగింది. తను కట్టిన దాని గురించి మేం చెప్తుంటే మాత్రం మాట మార్చేసింది.

"మా దగ్గరే ఉండిపోండి మేడం, ఎప్పటికీ" అన్నాడు అన్నయ్య.

"నాతో ఇంక పని లేదండి మీకు. మీ అమ్మాయికి అన్నీ తెలుసు. ఎక్కడైనా ఆగిపోతే తనే చూసుకోగలదు" అని నవ్వింది.

నిజమే. రాయనావిడికి జీతమెందుకని అడిగిన అన్నయ్యే, ఇప్పుడు ఎవరైనా కొత్తగా ఏదైనా మొదలుపెడుతున్నామంటే ముందు ఆవిడ ఫోన్ నంబరు ఇస్తున్నాడు. ఏది కట్టాలో, ఏది వద్దో, ఏది దేని మీద నిలబడాలో ముందే చూడగలగడం ఎంత పెద్ద విద్యో నేను ఆవిడ దగ్గరే చూశాను.