బ్యానర్‌కు రెండో కర్ర

మా బ్యానర్‌కు రెండు కర్రలు. ఒకటి వదిన పట్టుకునేది, ఇంకోటి నేను. శనివారం సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర, కోచింగ్ సెంటర్ల పిల్లలు గుంపులుగా దిగే చోట నిలబడేవాళ్లం. 'ఆయుధాల వ్యాపారం వద్దు' అని ఎర్ర పెయింటుతో రాసిన పాత దుప్పటి అది. దుప్పటి నాది, రాత వదినది. వదిన అంటే మా అన్న భార్య కాదు. కొత్తపేటలో మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉంటుంది. మా ఇద్దరివీ నల్గొండ దిక్కు ఊళ్లే కాబట్టి ఆ వరుస కలిసింది.

పెద్దగా ఎవరూ ఆగేవాళ్లు కాదు. చీరల సేల్ అనుకుని దగ్గరికొచ్చి, చదివి, మొహం తిప్పుకొని పోయేవాళ్లు. ఒకాయన మాత్రం ఆగి, "ఏందమ్మా, దేశానికి తుపాకులు ఒద్దా? దుష్మన్‌గాడొస్తే చీపుర్లు పట్టుకొని పోతరా?" అన్నాడు.

"గవి అమ్ముకునేటోళ్ల సంగతి చెప్తున్నం అన్నా. కొట్లాటలు లేకుంటే ఆళ్ల దుకాణం ఎట్ల నడుస్తది?" అంది వదిన. ఆయన అప్పటికే ఆటో ఎక్కేశాడు. మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వి, ఛాయ్ తాగి ఇంటికి పోయాం. నాకు అదే చాలు. యుద్ధాలు ఆగాలని నాకు ఎంత ఉందో, వదిన పక్కన నిలబడాలని కూడా అంతే ఉంది.

అప్పుడు వచ్చిందామె. ఎల్బీనగర్‌లో సొంత ఫ్లాటు, గుంటూరు వైపు మాట, గంజి పెట్టిన కాటన్ చీర. బాంబుల విడిభాగాలు చేసే ఒక కంపెనీ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసి, మానేసి వచ్చింది. "మేం పంపించినవి ఎక్కడ పేలాయో ఒకరోజు టీవీలో చూశానండీ. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు" అని మెల్లగా చెప్పేది. అంతే, మెట్ల మీద జనం ఆగిపోయేవాళ్లు. కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు కూడా.

నా ఒళ్లు మండిపోయేది. జన్మలో ఒక్క మేకు కూడా అమ్మని నా మాట ఎవరూ వినలేదు. ఆమె ఆ జీతం తిని, ఫ్లాటు కొనుక్కుని, తీరిగ్గా వద్దనుకుంటే అదో గొప్ప! నేను కూడా ముందు కొన్నాళ్లు బాంబులమ్మి వచ్చి ఉంటే నాకూ ఒక విలువ ఉండేదేమో.

దానికి తోడు వదిన ఆమెను 'చెల్లె' అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను మాత్రం ఎప్పుడూ 'ఏమే' అనే. ఒక శనివారం రైతుబజార్‌లో ఆలస్యమై పరుగున వెళ్లేసరికి నా కర్ర ఆమె చేతిలో ఉంది. "నువ్వు ఆ కరపత్రాలు పంచు పోవే" అంది వదిన, నా వైపు చూడకుండానే. పంచాను. పళ్లు నూరుకుంటూ పంచాను.

మా గల్లీ చివర ఒక ప్రైవేటు స్కూలుంది. దానికి ఒక ఆయుధాల కంపెనీ సైన్స్ ల్యాబ్ కట్టించి, గేటు పక్కన మనిషెత్తు ఇనుప మిస్సైల్ బొమ్మ నిలబెట్టింది. పిల్లలు దానికి బెలూన్లు కట్టి పుట్టినరోజు ఫొటోలు దిగుతున్నారు. దాన్ని తీసేయమని అడగడానికి ముగ్గురం పోయాం. ప్రిన్సిపాల్ ఇద్దరినే రమ్మన్నాడని వాచ్‌మన్ చెప్పాడు. నేను చెప్పులు సర్దుకుని ఒకడుగు ముందుకేశాను.

"చెల్లె, నువ్వు రా" అంది వదిన. "ఏమే, నువ్వు బ్యానర్ చూస్కో."

రెండు కర్రల బ్యానర్, నేనొక్కదాన్ని. కోపంలో ఇంకేమీ తోచక, కూరగాయల సంచి తాడు విప్పి రెండో కర్రను ఆ మిస్సైల్‌కే కట్టేశాను. అటు అది, ఇటు నేను. స్కూలు వదిలారు. స్కూటీ మీద వచ్చిన ఒక తల్లి బ్రేకేసి, "ఏంది ఆంటీ, మిస్సైల్ గూడ మీ పార్టీల చేరిందా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఫొటోలు తీశారు, సంగతేందని అడిగారు. నేను చెబుతుంటే జనం నిలబడి వినడం అదే మొదలు. వదిన ఇప్పుడే బయటికొస్తే బాగుండు, ఇదంతా చూస్తే బాగుండు అనుకుంటూ గొంతు పెంచాను.

వదిన వచ్చింది. కానీ ఆమె చూపు నా మీద లేదు. పక్కన ఆ గుంటూరామె వెక్కి వెక్కి ఏడుస్తోంది. "అంతకాలం ఆ జీతం తిని, ఇప్పుడు మాకు నీతులు చెప్తున్నారా?" అన్నాడట ప్రిన్సిపాల్. అచ్చం నా మనసులో మాట. ఎవరో నా నోట్లోంచి లాక్కుని పోయి ఆమె మొహాన కొట్టినట్టు అనిపించింది. వదిన తన కొంగుతో ఆమె కళ్లు తుడుస్తోంది. సిగ్గుపడాల్సిన ఆ సమయంలో కూడా నేను ఆ కొంగునే చూస్తూ నిలబడ్డాను.

బొమ్మ సంగతి స్కూలు కమిటీతో మాట్లాడి చెప్తామన్నారట. ఆమెను ఆటో ఎక్కించి ఇద్దరం ఇంటికి నడిచాం. రెండు కర్రలూ నా భుజం మీదే ఉన్నాయి. ఉండబట్టలేక అడిగేశాను. "నన్నెందుకు తీస్కపోలే వదినా?"

"నువ్వైతే ఒక్కదానివైనా నిలబడతవే. ఆమె నిలబడలేదు" అంది.

వదిన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ పూట మాత్రం, నిలబడలేనిదాన్నయ్యుంటే బాగుండేది అనిపించింది.